తలుపు పడని కారు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అనేవాళ్ళు. ఇరవై మూడేళ్ళుగా ఆమెది ఒకటే గది. గోడల్లో సీసం రేకు, తలుపులో సీసం రేకు, కిటికీ అన్నది లేదు. "ఊపిరి బిగబట్టండి... కదలకండి... ఆఁ, వదలండి." రోజుకు అరవై మందికి ఇవే మాటలు. అంతమందిని కదలకుండా నిలబెట్టే మనిషి తను మాత్రం నిలబెట్టిన చోట నిలిచేది కాదు. ఒక రోగి వెళ్ళి ఇంకో రోగి వచ్చేలోపు దొరికే అర నిమిషంలో వరండా ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి వెళ్ళి వచ్చేది. ఇంట్లో ఆమె కూర్చుని తినగా చూసినవాళ్ళు లేరు. కంచం అరచేతిలో పెట్టుకుని వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ తినేది.

"మా అక్క అరికాళ్ళలో చక్రాలు బిగించినవాడు బ్రేకులు పెట్టడం మరిచిపోయాడు" అనేవాడు తమ్ముడు.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కూర్చుని ఆలోచించడానికి తీరిక దొరకలేదని చెప్పేది. ఇంట్లో పైవాటా ఆమెది. కింద తమ్ముడూ మరదలూ ఉండేవాళ్ళు. మరదలు చిన్నపిల్లల బడిలో లైబ్రరీ చూసేది. పగలంతా నోటి మీద వేలు పెట్టుకుని పిల్లల్ని ఊరుకోబెట్టీ ఊరుకోబెట్టీ ఇంటికొచ్చాక కూడా మాట్లాడే అలవాటు తప్పిపోయిన మనిషి.

రోజూ ఆసుపత్రికి వెళ్ళే బస్సులోంచి ఎక్స్‌రే అక్కకు ఒక కారు కనిపించేది. ఒక ఇంటి పక్కన రేకుల షెడ్డులో, చిరిగిన టార్పాలిన్ కింద. రెండే సీట్ల పొట్టి కారు, నేలను కరుచుకుని పడుకున్నట్టు ఉండేది. పైకప్పు గుడ్డది, వెనక్కి మడుచుకునే రకం. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది. ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చిన ఆ కారు మీద ఒక సోమవారం అట్టముక్క వేలాడుతూ కనిపించింది, 'అమ్మబడును' అని. ఆమె దిగాల్సిన స్టాపు ఇంకా రెండు స్టాపుల అవతల ఉంది. అక్కడే దిగేసింది.

కారు యజమాని పశువుల డాక్టరు, రిటైరై చాలా కాలమైంది. మనిషి తాటిచెట్టంత పొడవు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి.

"దీంట్లో కూర్చుని మూడేళ్ళయిందమ్మా. కూర్చోవడం వస్తుంది, లేవడమే రాదు" అన్నాడు.

మీట నొక్కాడు. బానెట్టులోంచి రెండు దీపాలు కప్ప కళ్ళలా పైకి లేచాయి, ఒకటి ముందు, ఇంకోటి కాస్త బద్ధకంగా. ఎక్స్‌రే అక్క కారు చుట్టూ ఆరేడు సార్లు తిరిగింది. ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. ఇంజను ఒక పట్టాన అందుకోలేదు గాని, అందుకున్నాక ఆ చప్పుడు వెన్నులోంచి పాకి మెడ దాకా వచ్చింది.

"చూడ్డానికి తెలిసినవాళ్ళను ఎవరినైనా తెచ్చుకుంటారా?" అని అడిగాడు డాక్టరు. ఆ మాట ఎటో చూస్తూ అన్నాడు.

"నాకు కళ్ళున్నాయిగా" అంది ఆమె.

కొత్త స్కూటరు కొనే డబ్బుకు ఇంకాస్త కలిపితే సరిపోయింది. బేరం పావుగంటలో తెగింది.

ఆదివారం కారు ఇంటికి రాగానే తమ్ముడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఇరవై ఆరేళ్ళ బండా? మతి ఉండే కొన్నావా అక్కా? దీన్ని బాగుచేసేసరికి నువ్వు రిటైరవుతావు."

"అయితే రిటైరయ్యాక తిరుగుతా."

"మన కారు లేదా? ఎక్కడికి కావాలన్నా నేను తీసుకెళ్ళనా?"

"తీసుకెళ్తావురా. నువ్వు తీసుకెళ్ళడమే వద్దంటున్నా."

మరదలు కారు చుట్టూ ఒకసారి నడిచింది, పక్క అద్దం మీది దుమ్ము అరచేత్తో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది.

వీధి చివర మెకానిక్కు 'చూద్దాం' అని పేరు. ఏమడిగినా ఆయన చెప్పే జవాబు అదే కాబట్టి. ఆయన కారు లోపల కార్పెట్టు ఎత్తి, తలుపు కిందుగా ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే ఇనుప అంచును స్క్రూడ్రైవరుతో పొడిచాడు. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే గుప్పెడు తుప్పు రాలింది.

"పైన పటారం, లోన లొటారం" అన్నాడు. రెండో పక్క పొడిచినా అంతే. తర్వాత అడుగున పూసిన నల్లటి తారును గోటితో గీరాడు. గోరు దిగింది. "ఈ తారు నిండా ఆర్నెల్లది కూడా కాదక్కా. తుప్పు కనపడకుండా ఎవరో కావాలని పట్టించారు."

ఎక్స్‌రే అక్కకు ముందు సిగ్గేసింది. రోజుకు అరవై మంది ఎముకలు చూసే మనిషికి ఒక్క కారు ఎముక కనపడలేదు! ఆ తర్వాత కోపం వచ్చింది. బస్సు కోసం ఆగే ఓపిక లేక డాక్టరింటికి నడిచే వెళ్ళింది. దారంతా అనాల్సిన మాటలు పేర్చుకుంటూ వెళ్ళింది.

ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆమె నడక చూడగానే విషయం పోల్చుకున్నాడు.

"ఎంత లోపలికి దిగింది?" అన్నాడు.

"పిడి దాకా."

"తారు నేనే పూశాను."

అబద్ధమాడితే పట్టుకుని కడిగేద్దామని వచ్చిన మనిషికి, ఎదుటివాడు ముందే ఒప్పేసుకుంటే ఏం చేయాలో తోచలేదు. వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది.

"నలభై ఏళ్ళు వైద్యం చేశాను" అన్నాడు ఆయన. "బతకని గొడ్డును బతుకుతుందని ఒక్కరికీ చెప్పలేదు. ఈ కారు విషయంలోనూ అలాగే చెప్పాను మొదట్లో. మీకన్నా ముందు ముగ్గురొచ్చారు. ముగ్గురికీ నిజం చెప్పాను. ముగ్గురూ తూకానికి అడిగారు, పాత ఇనుము కింద. ఆ మాట వినలేకపోయాను. తారు డబ్బా తెచ్చి, పక్కింటి వాళ్ళ చేత జాకీ పెట్టించి పూశాను. మీరు దాని చుట్టూ తిరిగిన తీరు చూస్తే, ఈమె వదలదు అనిపించింది."

"అనిపిస్తే మోసం చేస్తారా?"

"చేశాను. మీ డబ్బు లోపల అలాగే ఉంది. కారు తెచ్చి ఇచ్చేయండి."

"తెచ్చి ఇస్తే?"

తూకానికే పోతుందని ఇద్దరికీ తెలుసు. ఎక్స్‌రే అక్క ఇంకో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి మెట్ల దగ్గర ఆగింది.

"మోకాళ్ళు పోయాయి సరే, చేతులు బాగానే ఉన్నాయిగా మీకు? రేపు పొద్దున ఏడింటికి మా వీధి చివర మెకానిక్కు షెడ్డుకు రండి. మీరు పూసిన తారు మీరే గీకండి."

ఆయన ఆరున్నరకే వచ్చాడు. బోర్లించిన తొట్టి మీద కూర్చుని, ఒక గరిటెలాంటి రేకుముక్కతో తారు గీకుతూ ఆ పక్షమంతా గడిపాడు. డ్యూటీ దిగి నాలుగింటికి ఎక్స్‌రే అక్క వచ్చేది. సీట్లు ఊడదీసింది, చిరిగిన తోలు విప్పి కొత్తది కుట్టింది, వైర్లన్నిటికీ చీటీలు కట్టింది. ఒక పని పూర్తికాకముందే ఇంకో దాని మీద చెయ్యి వేసేది. మధ్యమధ్యలో ఒకటే ప్రశ్న.

"ఎప్పటికవుతుంది?"

"చూద్దాం" అనేవాడు చూద్దాం.

తారు కింద బయటపడ్డ అంచులను కోసి కొత్త రేకు అతకాలి. కోసే ముందు తలుపు సందులో అడ్డంగా ఒక ఇనుప కడ్డీ పెట్టి తన దగ్గర పనిచేసే వెల్డరు చేత అతికించాడు చూద్దాం. "పైకప్పు లేని బండి కదక్కా. దీని నడుం నిలబెట్టేది ఈ రెండంచులే. కడ్డీ లేకుండా కోస్తే నడుం వాలిపోతుంది" అని చెప్పాడు. మొదటి పక్క పూర్తవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ ఎక్స్‌రే అక్క నిప్పుల మీద నిలబడ్డట్టే ఉంది.

రెండో పక్క మొదలుపెట్టేలోపు చూద్దాం కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. మూడు రోజులు రానని చెప్పి, వెళ్తూ వెళ్తూ, "నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు" అన్నాడు. ఆ వారమే ఆమె అయిదు రోజులు సెలవు పెట్టింది. మొదటి రోజు చక్రాల మీది మూతలు తోమింది. రెండో రోజు తోమినవే తోమింది. మూడో రోజు డాక్టరు మోకాళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాడు. షెడ్డులో ఆమె, వెల్డరు, కారు మిగిలారు. ఆమె కారు చుట్టూ తిరిగింది. ఎన్నిసార్లు తిరిగిందో వెల్డరు లెక్కపెట్టడం మానేశాడు.

"రెండో పక్క కొయ్యి" అంది చివరికి.

"కడ్డీ ఇంకా ఇటు మార్చలేదక్కా. మా మేస్త్రి చెప్పాడా?"

"చెప్పాడు. ఫోన్ చేశాడు. ఒక పక్క గట్టిగా ఉందిగా, ఫర్వాలేదన్నాడు."

నాలుక మీదికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. వెల్డరు అద్దాలు దించుకున్నాడు, నిప్పురవ్వలు లేచాయి. పాత అంచు ఊడి కింద పడింది. ఏమీ కాలేదు. కొత్త రేకు పెట్టి నాలుగు చోట్ల అతుకు వేశాక, బండి లోపల ఎక్కడో కిర్రుమని చిన్న చప్పుడైంది. అంతే. ఎక్స్‌రే అక్క తలుపు వేసి చూసింది. తలుపు నాలుక గొళ్ళెంలో పడకుండా పైన కొట్టి వెనక్కి వచ్చింది. ఇంకోసారి వేసింది. తుంటితో నెట్టింది. తలుపు పడలేదు.

నాలుగో రోజు చూద్దాం మనవడు పుట్టిన సంబరంతో వచ్చాడు. తలుపు మూడుసార్లు తీసి వేశాడు. చూద్దాం అని కూడా అనలేదు. వెళ్ళి చేతులు కడుక్కుని, టీ తెప్పించుకుని, గోడవైపు తిరిగి తాగాడు. నాలుగు తిట్లు తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"వెల్డరు తప్పేం లేదు" అంది. "మీరు చెప్పారని నేనే అబద్ధం చెప్పాను."

"తెలుసక్కా. నేను చెప్పకుండా వాడు కాయితం ముక్క కూడా కోయడు."

మధ్యాహ్నం డాక్టరొచ్చి తొట్టి మీద కూర్చున్నాడు. జరిగింది ఆమె నోటితోనే విన్నాడు. విని రేకుముక్క అందుకుని అడుగున మిగిలిన తారు గీకడం మొదలుపెట్టాడు.

"మీరైనా ఏమీ అనరా?" అంది ఉండబట్టలేక.

"అనే మొహమా నాది?" అన్నాడు ఆయన తలెత్తకుండా.

మర్నాడు చూద్దాం కొత్త రేకు అతుకులు విప్పించి, కారు నడుం కింద మొద్దులు పేర్చి, వాటి మీద మర జాకీ పెట్టాడు. తిప్పే కడ్డీ తెచ్చి ఎక్స్‌రే అక్క చేతిలో పెట్టాడు.

"రోజుకు పావు చుట్టు. మీరే తిప్పండి. ఒక్కసారే ఎత్తేస్తే అవతలి పక్క వేసిన అతుకులు పగులుతాయి. ఇనుము సర్దుకోవాలి."

"పావు చుట్టేనా? తర్వాత?"

"తర్వాత ఇంటికెళ్ళండి."

ఇంతకు మించిన శిక్ష ఆమెకు ఇంకొకటి ఉండదని ఆయనకు తెలిసే అన్నాడో, తెలియకే అన్నాడో. నాలుగింటికి వచ్చేది. పావు చుట్టు తిప్పడానికి పట్టేది నాలుగు క్షణాలు. ఆ తర్వాత సాయంత్రమంతా ఖాళీ. మొదటి నాలుగు రోజులూ షెడ్డులోనే పచార్లు చేసింది. అయిదో రోజు చేతులు దురద పెట్టి, ఎవరూ చూడనప్పుడు కడ్డీ మీద చెయ్యి వేసింది కూడా. వేసి, తీసేసి, ఆ చేతిని చంకలో పెట్టుకుని బయటికొచ్చి వీధి చివరి దాకా నడిచింది.

తలుపు సందు కొలవడానికి ఆమే ఒక ఉపాయం పట్టింది. ఆసుపత్రిలో కంప్యూటర్లొచ్చాక మూలపడ్డ పాత ఫిల్ములు బోలెడున్నాయి. పనికిరానివి అడిగి తెచ్చి, సన్నటి పట్టీలుగా కత్తిరించింది. సందులో ఎన్ని పడితే అంత వెడల్పు. మొదటి రోజు పైన ఒక్క పట్టీ కూడా దూరలేదు, కింద నలభై ఒకటి పట్టాయి. పైనా కిందా సమానమైతేనే తలుపు పడుతుంది. వారం తిరిగేసరికి పైన అయిదు, కింద ముప్ఫై ఆరు. డాక్టరు పట్టీలు లెక్కపెట్టి చెప్పేవాడు, ఆమె షెడ్డు గోడ మీద సుద్దతో రాసేది. ఒకరోజు పైన పదకొండు దూరితే, మర్నాడు పదే దూరాయి. "వెనక్కి పోయిందేంటి?" అని ఆమె గగ్గోలు పెట్టింది.

"నిన్న ఎండ, ఇవాళ ముసురు. ఇనుముకు కూడా ప్రాణం ఉంటుంది" అన్నాడు చూద్దాం.

ఇంట్లో తమ్ముడు, "ఏమంటోంది నీ బండి?" అని రోజూ అడిగేవాడు, నవ్వాపుకుంటూ. ఆమె పట్టీల లెక్క చెప్పేది. తమ్ముడు మధ్యలోనే టీవీ వైపు తిరిగేవాడు. మరదలు మాత్రం చేతిలో పని ఆపి చివరిదాకా వినేది.

ఇరవై ఏడో రోజు పైన ఇరవై, కింద ఇరవై ఒకటి. చూద్దాం మోకాళ్ళ మీద కూర్చుని రెండువైపులా చూసి, "వెయ్యండి" అన్నాడు. ఎక్స్‌రే అక్కకు చెయ్యి రాలేదు. ఆయనే రెండు వేళ్ళతో తోశాడు. టక్కుమని తలుపు పడింది. ఆ వెంటనే తీసి, మళ్ళీ ఆమె వేసింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు వేసిందో చెప్పలేం. వెల్డరు, "అక్కా, కీళ్ళరిగిపోతాయి" అనేదాకా వేసింది.

అక్కడినుంచి కడ్డీ పెట్టి అంచు అతకడం, పుట్టీ, రంగు, బ్రేకులు, గుడ్డ కప్పు, అన్నిటికీ కలిపి ఇంకో రెండు నెలలు. రంగు దగ్గర డాక్టరుకూ ఆమెకూ పోట్లాటయింది. పాత ఆకుపచ్చే వేయాలని ఆయన, నిమ్మపండు రంగు వేస్తానని ఆమె. "మిణుగురుపురుగులా ఉంటుంది" అన్నాడు ఆయన. ఆమె నిమ్మపండు రంగే వేయించింది. ఆయన రెండు రోజులు షెడ్డుకు రాలేదు. మూడో రోజు వచ్చి చూసి, "కుక్కలకు కూడా దూరం నుంచి కనపడుతుందిలే, ఏదీ కింద పడి చావదు" అన్నాడు. ఆయన మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

బండి బయటికి తీసిన ఆదివారం ఉదయం మొదట డాక్టరునే ఎక్కించుకుంది. ఆయన ఊరి చివరి దాకా ఇంజను చప్పుడుకు చెవి ఒగ్గి కూర్చున్నాడు. గాలికి నెరిసిన జుట్టు లేచి నిలబడింది. "మూడో గేరులో ఇంకాస్త ఉంచు. ఇప్పుడు మార్చు. ఆఁ!" అన్నాడు ఒక్కసారి. తిరిగొచ్చాక ఆయన్ని దించడానికి చూద్దాం ఒక చెయ్యి, వెల్డరు ఒక చెయ్యి పట్టి, బావిలోంచి చేద లాగినట్టు లాగారు. కాళ్ళు బయటపడ్డాక కారుకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళల్లో తడి గాలి వల్లనేనన్నాడు.

అప్పుడు ఎక్స్‌రే అక్క ఇంటికి వచ్చింది. ఒంటరిగా వెళ్ళాలని ఆమె ఆశ. ఎంత దూరమైనా, ఎటైనా. వాకిట్లో బండి ఆపి, నీళ్ళ సీసా తెచ్చుకుందామని పైకెళ్ళి దిగేసరికి, మరదలు పక్కసీట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో బడికి తీసుకెళ్ళే చేతిసంచి.

"పదండి వదినా" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికని అడగొద్దు."

తమ్ముడు గుమ్మంలోకొచ్చాడు. "ఇద్దరూ ఎక్కడికి? ఎప్పుడొస్తారు?" మరదలు తలుపు వేసుకుంది.

ఊరు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా పరుచుకుంది. ఎక్స్‌రే అక్క వేగం పెంచింది. ఇన్ని నెలలు ఎదురుచూసిన క్షణం అది. ఒళ్ళంతా ఝల్లుమంది కూడా. కానీ పది నిమిషాలకే మనసు మళ్ళీ ముందుకు పరిగెత్తింది. ఆ కనిపించే మలుపు తర్వాత ఏముంది? అది దాటితే, ఆ తర్వాత? వేళ్ళు స్టీరింగు మీద తాళం వేస్తూనే ఉన్నాయి. కారొస్తే ఈ గుబులు తీరుతుందనుకుంది. గుబులు కూడా కారెక్కి తనతో పాటే వస్తోంది.

"బండి ఆపండి వదినా" అంది మరదలు.

"ఏమైంది? కడుపులో తిప్పుతోందా?"

"లేదు. మీరిటు రండి. నేను నడుపుతా."

ఎక్స్‌రే అక్క నోరు వెళ్ళబెట్టింది. మరదలు సంచిలోంచి లైసెన్సు తీసి చూపించింది. ఫొటోలో రెండు జడల పిల్ల. "పెళ్ళికి ముందే తీసుకున్నా. ఇరవై ఏళ్ళ గడువు, ఇంకా తీరలేదు. ఫొటో ఒక్కటే పాతది. మీ తమ్ముడు తాళాలివ్వడు. 'నీకెందుకు, నేనున్నాగా' అంటాడు. మంచిగానే అంటాడు. పద్దెనిమిదేళ్ళయింది."

మొదటి గేరు గరగరమంది. రెండోసారి ఇంజను ఆగిపోయింది. మూడోసారి బండి కదిలింది. కాసేపటికి మరదలి భుజాలు దిగాయి, మెడ సర్దుకుంది. నెమ్మదస్తురాలని ఊరంతా అనుకునే మనిషి, ముందు పోతున్న లారీని దాటేసింది. పక్కసీట్లో ఎక్స్‌రే అక్క లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ, తలుపు పిడి పట్టుకుని, "నెమ్మదే! మలుపు! అమ్మాయ్, మలుపు!" అంటూనే ఉంది. సంచిలో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. మరదలు అటు చూడలేదు.

"ష్, వదినా" అంది. "నడపనివ్వండి."

పొద్దువాలే వేళకు ఇల్లు చేరారు. ముఖాలు ఎండకు కమిలిపోయి, జుట్టు పీచుపీచుగా లేచి ఉంది. ఎక్కడికి వెళ్ళారని తమ్ముడు అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పడానికి ఒక్క ఊరి పేరు కూడా లేదు. తాళం ఎవరి దగ్గరుందని అతను అడగలేదు. అడిగి ఉంటే మరదలి సంచిలో ఉందని తెలిసేది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు ఎక్స్‌రే అక్క దిగి వచ్చేసరికి వాకిట్లో కారు లేదు. తమ్ముణ్ణి లేపబోతుంటే గడపమీద చీటీ కనిపించింది. 'పాలకు వెళ్తున్నా' అని. పాలబూత్ వీధి మలుపులోనే ఉంది, నడిస్తే మూడు నిమిషాలు. ఆమె గేటు తీసి రోడ్డు మీదికొచ్చింది. ఆ చివరిదాకా నడిచింది, ఈ చివరిదాకా నడిచింది. బస్సు వచ్చింది, ఆగింది, డ్రైవరు అలవాటుగా ఆమె వైపు చూశాడు. ఎక్కలేదు. నోటికొచ్చినట్టు తిట్టుకుంది. అరగంట తర్వాత మలుపు అవతల ఇంజను చప్పుడు వినపడింది. మూడో గేరులో ఉండాల్సినంతసేపు ఉండి, నాలుగోదానికి మెత్తగా మారింది.

"ఎక్కండి వదినా, ఆసుపత్రి దగ్గర దింపుతా" అంది మరదలు. సీటు మీదున్న పాల ప్యాకెట్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఎక్స్‌రే అక్క ఎక్కి తలుపు వేసుకుంది. ఇరవై మూడేళ్ళలో ఆమె ఏడింటి డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది ఆ ఒక్క రోజే.